మీ ఇంట్లో ఏం మోగుతోంది?

తెల్లవారుజామున గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే ఆ చప్పుడు కొవ్వూరులో మా వంటింటి దాకా వస్తుంది. అది సద్దుమణిగాక పాట పెడతాను. ఈ నెలంతా చిట్టిబాబు వీణే. ‘కొమ్మలో కోయిల’లో తీగ మీద పక్షి కూసే చోట ప్రతిసారీ చేతిలో పని ఆగిపోతుంది. ఆయన 1936లో కాకినాడలో పుట్టారు; గురువు ఈమని శంకరశాస్త్రిది ద్రాక్షారామం. శిష్యుణ్ణి విన్నాక గురువునూ వినండి. గమకం గొంతులోంచి వచ్చినట్టే ఉంటుంది. వీణ చేత పాడించడమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

సాయంత్రాలు మాత్రం అమ్మవి. ఆవిడకు బాలమురళీకృష్ణ కావాలి. శంకరగుప్తంలో పుట్టిన ఆ గొంతును విజయవాడ రేడియో భక్తిరంజనిలో వింటూ పెరిగింది. ఇప్పుడు ఫోనులో పెట్టినా "రేడియో పెట్టరా" అనే అంటుంది. మా అబ్బాయి వినేది తమిళ ర్యాప్. మొన్న ఒక ఇయర్‌ఫోను అడిగి పెట్టుకున్నాను. మాటలు అందలేదు, తాళం అందింది.

ఈ వారం మీ ఇంట్లో ఏం మోగుతోందో రాయండి. కచేరీ అయినా, సినిమా పాటయినా, చేలో విన్న నాట్ల పాటయినా సరే. ఎవరు పెట్టారో, ఏ వేళ విన్నారో కూడా రాయండి. వచ్చే సంచికలో రెండు పేజీలు మీ ఉత్తరాలకే ఉంచాం.