చలి చేసిన తప్పేమిటి?

వాతావరణ వార్తలు వినేవారికి కళింగపట్నం కొత్త పేరు కాదు. అక్కడి రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారన్న మాట వింటూనే ఈ జిల్లాలో రైతుబిడ్డలం పెరిగాం. రేవుకు ఓడలు రావడం మానేసి ఏనాడో అయింది. సూచికలు మాత్రం ఇంకా ఎగురుతున్నాయి. ఆ మాట చెవిన పడగానే మా నాన్న పొలంకేసి చూస్తాడు. అటువంటి కళింగపట్నంలో, కిందటి మార్గశిరంలో, వాయుగుండం ముసురులో పది కిలోమీటర్ల పరుగు పందెం పెడితే నేను వెళ్లాను.

బయలుదేరుతుంటే నాన్న అడిగాడు. "పనలు తడిసిపోతన్నాయి. నీకిప్పుడు పరుగులేట్రా?"

తొమ్మిదికల్లా వచ్చేస్తానని మాటిచ్చాను. ఆరు గంటలకు పందెం అన్నారు మరి.

లైట్‌హౌస్ దగ్గర సుమారు అరవై మందిమి నిక్కర్లు, బనియన్లతో నిలబడ్డాం. సన్నని వాన. సముద్రం మీద నుంచి ఈదురుగాలి. ఆరు దాటింది, ఏడు దాటింది. ముఖ్య అతిథి గారు ఇంకా రాలేదన్నారు. వరస చెడగొట్టవద్దని మైకులో హెచ్చరిక ఒకటి! ఏడూముప్పావుకు పచ్చజెండా ఊపేసరికి, మా ఊరి కుర్రాడొకడికి వేళ్లు కొంకర్లుపోయి బూటు తాడు ముడి పడలేదు. కానిస్టేబుల్ సెలక్షన్‌లో 1600 మీటర్లు పరుగెత్తాలని ఏడాదిగా ఇసుకలో సాధన చేస్తున్నవాడు. మూడో కిలోమీటరు దగ్గర తూలి కూలబడ్డాడు. పెదవులు నీలం. మాట ముద్దగా వస్తోంది. టీ కొట్టు ముసలమ్మ తన చీర కప్పి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి బతికించింది. నా పందెమూ అక్కడితోనే సరి.

"పాపం, చలి కొట్టేసింది" అన్నారు నిర్వాహకులు. నా అభ్యంతరం ఈ మాట మీదనే.

సైన్సు విద్యార్థిగా ఒక్క సంగతి చెబుతాను. పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగింట మూడు వంతులు వేడిగానే పోతుంది. దూరపు పరుగులో ఆ వేడిని వదిలించుకోవడమే పెద్ద పని. అందుకు చలికాలం మనకు చుట్టమే గాని శత్రువు కాదు. (ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అయిదు వేల మీటర్లు పెట్టేవారు ఇది గమనించగలరు.) కాని నిలబడ్డవాడి ఒంట్లో ఆ వేడి ఎక్కడిది? పైగా నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. తడి బట్ట, ఈదురుగాలి, కదలకుండా నిలబడడం – ఈ మూడూ కలిస్తే మంచు కురవనక్కరలేదు, మన కోస్తా చలే చాలు.

2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ జోరువానలో, ఎదురుగాలిలో, అయిదు డిగ్రీలకు అటూ ఇటూ చలిలో జరిగింది. పేరుమోసిన వాళ్లు ఎందరో మధ్యలో మానేశారు. గెలిచింది యూకీ కవౌచి అనే జపాను ప్రభుత్వోద్యోగి, 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో. ఆ వార్త చదివి మనవాళ్లు "పట్టుదల ఉంటే చాలు" అంటారు. పట్టుదల మావాడికి తక్కువా? గంటాముప్పావు సేపు వానలో నిలబెడితే కవౌచి పట్టుదల ఏమయ్యేదో!

నేను ఇల్లు చేరేసరికి పదకొండున్నర. పనలన్నీ అమ్మా నాన్నా ఇద్దరే గట్టుకు మోసేశారు. కింది వరస అప్పటికే నానిపోయింది. తరవాత అవి మొలకలెత్తాయి. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు.

చలికాలంలో పందెం మానెయ్యమని నేననడం లేదు. ఈ ఏడు మన సంఘం తప్పక పెట్టాలి, అదీ తెల్లవారుజామునే. చెప్పిన వేళకు మొదలుపెట్టాలి. అంతవరకు మా ఒంటి మీద దుప్పట్లు ఉండనివ్వాలి. చివర్లో పొడి తువ్వాలు, వేడి గంజి చాలు. శాలువాలు, దండలు వద్దు. ముఖ్య అతిథి గారిని గమ్యం దగ్గర కూర్చోబెట్టండి. వారు ఎంత ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు, మేమే వారి దగ్గరకు పరుగెత్తుకొస్తాం.