టీ కణాలపై టీ కణాలతోనే యుద్ధం.. ఆ ఒక్క ‘గుర్తు’ దగ్గరే అసలు చిక్కు!

ఒంట్లోకి చొరబడిన వైరస్‌లతో పోరాడే సైనికులు టీ కణాలు. మరి ఆ సైనికులకే క్యాన్సర్ వస్తే? 2022లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రి డాక్టర్లకు ఎదురైన సవాల్ ఇదే. 13 ఏళ్ల బాలికకు టీ సెల్ లుకేమియా. కీమోథెరపీ పనిచేయలేదు. ఎముక మజ్జ మార్పిడి చేసినా రోగం తిరగబెట్టింది.

ఏంటీ సీడీ7?

ఎముక మజ్జలో పుట్టిన కణాలు ఛాతీ ఎముక వెనకున్న థైమస్ గ్రంథికి చేరి టీ కణాలుగా మారతాయి. మొదట్లో వాటి పైపొర మీద సీడీ4, సీడీ8 ప్రొటీన్లు ఉండవు. తర్వాత రెండూ వస్తాయి, చివరికి ఒకటే మిగులుతుంది. సీడీ7 మాత్రం చాలా ముందే కనిపిస్తుంది. టీ సెల్ లుకేమియా కణాల మీదా దాదాపు ఎప్పుడూ ఉంటుంది. గురిపెట్టడానికి ఇంతకన్నా మంచి గుర్తేం కావాలి?

చిక్కంతా ఇక్కడే. క్యాన్సర్‌ను చంపేందుకు ల్యాబ్‌లో తయారుచేసే కార్-టీ కణాలు కూడా టీ కణాలే. వాటి మీదా సీడీ7 ఉంటుంది. అంటే రోగి ఒంట్లోకి వెళ్లకముందే ఒకదాన్నొకటి చంపుకుంటాయి!

ఎలా దాటారు?

ఆరోగ్యంగా ఉన్న దాత కణాలు తీసుకున్నారు. డీఎన్‌ఏను కత్తిరించకుండా ఒక్కో అక్షరాన్నే మార్చే ‘బేస్ ఎడిటింగ్’తో సీడీ7ను తీసేశారు. రోగి శరీరం మీదే దాడి చేయకుండా టీ కణ రిసెప్టర్‌నూ తొలగించారు. ఆ తర్వాతే సీడీ7ను వేటాడే ఆయుధం అమర్చారు. నెల తిరక్కుండానే బాలికలో లుకేమియా జాడ లేకుండా పోయింది. ఆపై రెండోసారి మజ్జ మార్పిడి చేశారు.

అయితే ఇది మంత్రదండం కాదు. 2023లో ప్రచురించిన తొలి ముగ్గురు పిల్లల ఫలితాల్లో, ఒకరు ఫంగల్ ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. ఈ చికిత్స మంచి టీ కణాలనూ తుడిచేస్తుంది. కొత్త మజ్జ కుదురుకునేదాకా చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాంతకమే.

మన దగ్గర పరిస్థితేంటి?

ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన ‘నెక్స్‌కార్19’కు 2023 అక్టోబర్‌లో అనుమతి దక్కింది. కానీ అది గురిపెట్టేది బీ కణాల మీదుండే సీడీ19ను. టీ సెల్ లుకేమియాకు అది పనికిరాదు. పిల్లల్లో వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా కేసుల్లో టీ సెల్ రకం 10 నుంచి 15 శాతం. కార్-టీ వచ్చేసిందని సంబరపడే ముందు, ఈ పిల్లల సంగతేంటన్నదే ఇప్పుడు తేలాల్సిన ప్రశ్న.