కెటిల్‌లో యాసిడ్ పోయకండి

ఎలక్ట్రిక్ కెటిల్‌లోనో, కాఫీ మేకర్‌లోనో పేరుకున్న తెల్ల గారను వదిలించడానికి బాత్రూం యాసిడ్ వాడుతున్నవాళ్లు ఆ పని ఈ రోజే మానేయాలి. గార పోకపోతే మహా అయితే చాయ్ రుచి చెడుతుంది, కరెంటు బిల్లు నాలుగు రూపాయలు పెరుగుతుంది. యాసిడ్ పోస్తే పోయేది కళ్లు, ఊపిరితిత్తులు, ఒక్కోసారి ప్రాణం.

ఈ మాట నల్లగొండ, పాలమూరు ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది. ఇక్కడి బోర్లు గ్రానైటు రాయిని తొలుచుకుని వందల అడుగుల లోతుకు పోయినవి. ఆ రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, సబ్బు నురగ రానంత కఠినంగా ఉంటాయి. తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 వరకు సర్దుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ 2012లో ఇచ్చిన ఐఎస్ 10500 చెబుతోంది. అలాంటి కఠిన నీటిని కాచినప్పుడు అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బోనేట్ విరిగి కాల్షియం కార్బోనేట్‌గా, అంటే సుద్దగా మారి గిన్నె అడుగున కూర్చుంటుంది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్న ఇళ్లలో ఈ బెడద తక్కువే. కానీ నల్లా రాని రోజున మోటారు వేసి అదే ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కించే అలవాటు మనకు పోలేదు.

మనది చాయ్ తాగే గడ్డ. అయినా హైదరాబాద్‌లో కొలువు చేసే పిల్లలు పండగకు వచ్చేటప్పుడు తెచ్చిచ్చిన కాఫీ మేకర్లు ఇప్పుడు మిర్యాలగూడలోనూ జడ్చర్లలోనూ వంటింటి గట్టు మీద కనిపిస్తున్నాయి. వాటితోపాటు వచ్చిన సూచనల పుస్తకం మాత్రం అట్టపెట్టెతో సహా అటక మీదికి పోతుంది. కొన్నాళ్లకు కాఫీ సన్నటి ధారగా, చుక్కలు చుక్కలుగా రావడం మొదలవుతుంది. మిషన్ బుసలు కొడుతుంది, ఆవిరి ఎక్కువ, కాఫీ తక్కువ. అప్పుడు ఎవరో సలహా ఇస్తారు: బాత్రూం టైల్స్ తెల్లగా చేసే యాసిడ్ రెండు మూతలు పోయి, క్షణంలో పోతుంది అని.

క్షణంలో పోతుంది, నిజమే. ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది సుద్దతో ఆగదు. మామూలు డ్రిప్ కాఫీ మేకర్ కింది పలకను విప్పి చూస్తే, చాలా వాటిలో గుర్రపు నాడా ఆకారంలో వంగిన అల్యూమినియం గొట్టం ఒకటి, దాన్ని అంటిపెట్టుకుని వేడెక్కే కడ్డీ ఒకటి కనిపిస్తాయి. నీళ్లు కాగేది ఆ గొట్టంలోనే, గార పట్టేదీ అక్కడే. అల్యూమినియం మీద ఈ యాసిడ్ పడితే బుసబుస పొంగి హైడ్రోజన్ వాయువు పుడుతుంది, లోహం కరిగి గొట్టం పలచబడుతుంది. చిల్లు పడితే నీళ్లు కరెంటు ఉన్న చోటికి చేరతాయి. స్టీలు కెటిల్ అయితే ఏం కాదనుకోవద్దు. స్టీలును తుప్పు నుంచి కాపాడే పైపొరను కూడా ఈ యాసిడ్ తినేస్తుంది, సన్నటి గుంటలు పడతాయి, ఆ తర్వాత కాచిన ప్రతి కప్పులోకీ క్రోమియం, నికెల్ కొద్దికొద్దిగా దిగుతాయి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. యాసిడ్ పోసినా మరక పోలేదని దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లడం, లేదా బ్లీచింగ్ వేసి కడిగిన సింకులోకి కెటిల్‌లోని యాసిడ్ వంపడం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. కిటికీ మూసిన చిన్న వంటింట్లో మనిషిని పడగొట్టడానికి కొంచెం చాలు. బ్లీచింగ్ మన జిల్లాలకు కొత్త సరుకు కాదు. బావుల్లో, ట్యాంకుల్లో పంచాయతీవాళ్లు చల్లుతూనే ఉంటారు. నీళ్లలోని ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన, మన జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన ‘నల్లగొండ టెక్నిక్’లో పటిక, సున్నంతో పాటు అదీ ఉంటుంది. అందుకే దానిపట్ల మనకు భయం లేదు. యాసిడ్ పక్కకు చేరినప్పుడు మాత్రం భయపడి తీరాలి. వెనిగర్ కూడా ఆమ్లమే, దాన్నీ బ్లీచింగ్‌తో కలపకూడదు.

మరి గార ఎలా పోవాలి? కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు, అదే సిట్రిక్ యాసిడ్. లీటరు నీళ్లకు రెండు చెంచాలు, సుమారు 20 గ్రాములు. కెటిల్‌లో అయితే నీళ్లు గోరువెచ్చగా చేసి, ప్లగ్గు తీసేసి, అప్పుడు నిమ్మ ఉప్పు కలిపి అరగంట వదిలేయండి. సలసల మరిగించాల్సిన పని లేదు, మరిగిస్తే కాల్షియం సిట్రేట్ అనే మరో తెల్ల పొర పేరుకుంటుంది. కాఫీ మేకర్‌లో అయితే పొడి వేయకుండా ఆ నీళ్లు సగం దిగేదాకా నడిపి, ఆపి, అరగంట తర్వాత మిగతా సగం నడపాలి. తర్వాత మామూలు నీళ్లు కనీసం రెండు మూడు ట్యాంకులు పోనివ్వాలి. ఒకసారికి పోకపోతే మర్నాడు మళ్లీ చేయండి. మందు ఘాటు పెంచడం కన్నా ఓపిక పెంచుకోవడం మేలు. వెనిగర్ కూడా పనిచేస్తుంది గానీ వాసన రెండు రోజులు వదలదు, లోపలి రబ్బరు వాషర్లకు అంత మంచిది కాదు. ఇత్తడి ఫిల్టర్ వాడేవాళ్లు పులుపును అందులో నిలవ ఉంచొద్దు, రాగి దిగుతుంది.

కాఫీ మేకర్ లేని ఇళ్లలోనూ నీళ్ల బకెట్లో వేసే హీటర్ రాడ్ ఉంటుంది. దాని మీద గార వేలు మందాన పట్టాక కత్తితో గీకేవాళ్లు, రాయితో తట్టేవాళ్లు కొల్లలు. పైతొడుగు చిట్లితే నీళ్లకు కరెంటు పాకుతుంది, చలికాలం పొద్దున ఆ బకెట్లో చెయ్యి పెట్టేది ముందు ఇంట్లో పెద్దమ్మో, పిల్లవాడో. రాడ్‌ను కూడా ప్లగ్గు తీసి, చల్లారాక నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టడమే. చిట్లిన రాడ్‌ను పాత ఇనుము వాడికి అమ్మేయండి, బాగు చేయించొద్దు.

గార పోయింది కాబట్టి నీళ్లు మంచివైపోయాయనుకోవడం మన ప్రాంతంలో పూర్తిగా తప్పు. తెల్లగా పేరుకునేది సుద్ద, నిమ్మరసం చుక్క వేస్తే బుడగలు వస్తాయి. ఫ్లోరైడ్ అలా పేరుకుని కంటికి కనబడదు. పైగా ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో కాల్షియం తరచూ తక్కువగా ఉంటుంది. అంటే కెటిల్ అద్దంలా మెరుస్తున్న ఇంట్లోనే నీళ్లు మరింత చెడ్డవి కావచ్చు. కాచితే పోతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. కాచితే పోయేవి క్రిములు. ఫ్లోరైడ్ ఆవిరి కాదు, నీళ్లు తగ్గిన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నాలుగు లీటర్లను మూడు లీటర్లయ్యేదాకా మరిగిస్తే అది 2 అవుతుంది. ఐఎస్ 10500 ప్రమాణంలో గరిష్ఠ పరిమితే 1.5. చాయ్ ఆకులోనూ సహజంగా ఫ్లోరైడ్ ఉంటుందని కలిపి చూస్తే, బోరు నీళ్లతో గంటలకొద్దీ మరిగే డికాషన్ ఎలాంటిదో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. మర్రిగూడ మండలం శివన్నగూడెం నుంచి తన ఒంటినే సాక్ష్యంగా ఢిల్లీ దాకా తీసుకెళ్లిన ఫ్లోరైడ్ బాధితుడు అంశాల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. ఆ నీళ్లు తాగి వంగిపోయిన ఎముకలకు తిరుగు మందు లేదు. తాగడానికి, వంటకు, చాయ్‌కి, కాఫీకి భగీరథ నీళ్లో పరీక్ష చేయించిన నీళ్లో వాడండి. బోరు నీళ్లే గతి అయితే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఫ్లోరైడ్ ఎంతుందో చూపించుకోండి.

ప్రమాదం జరిగిపోతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలియాలి. ఘాటు వాసన గుప్పుమంటే ఆ గిన్నెను కడగాలని లోపల నిలబడొద్దు, అందరూ బయటి గాలిలోకి వచ్చేయండి. కంట్లోనో ఒంటిమీదో యాసిడ్ పడితే పారే నీళ్లతో ఆపకుండా ఇరవై నిమిషాలు కడగాలి. మింగితే వాంతి చేయించకూడదు, దిగేటప్పుడు కాల్చిన గొంతును అది పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. నోరు పుక్కిలించి 108కి ఫోన్ చేయండి, సీసా వెంట తీసుకుపోండి.

ఈ సరుకు ఇంత తేలిగ్గా దొరకడమే అసలు జబ్బు. కొనేవారి వివరాలు రిజిస్టర్‌లో రాయకుండా, గుర్తింపు కార్డు చూడకుండా యాసిడ్ అమ్మకూడదని, 18 ఏళ్లు నిండని వారికి అసలే అమ్మకూడదని సుప్రీంకోర్టు 2013 జూలైలో ఆదేశించింది. వీధిలో ఫినాయిల్‌తో పాటు తోపుడు బండి మీద, తాగి పడేసిన నీళ్ల సీసాల్లో, చీటీ కూడా లేకుండా అమ్ముతుంటే ఆ ఆదేశం ఎక్కడున్నట్టు? రెండు జిల్లాల యంత్రాంగం వారం అంగళ్లలో, వీధుల్లో తనిఖీలు మొదలుపెట్టాలి, రిజిస్టర్ లేని చోట సరుకు పట్టుకోవాలి. పాఠకులు అంతదాకా ఆగొద్దు. మీ సింకు కింద నీళ్ల సీసాలో యాసిడ్ ఉంటే ఇప్పుడే లేచి దాని మీద పెద్ద అక్షరాలతో ‘యాసిడ్’ అని రాసి, పిల్లల చేతికందని చోట తాళం వేసి పెట్టండి.