తిట్లు తన్ఖాలో భాగం కాదు

“తిట్టిండు గానీ కొట్టలేదు కదా బేటా.” “సబర్ చెయ్.” “ఈ నౌకరీ పోతే ఇంకోటి యాడ దొరుకుతది?”

పని నుంచి తలొంచుకుని వచ్చిన కొడుక్కి మన ఇళ్లలో దొరికే మరహం ఈ మూడు మాటలే. మొహబ్బత్‌తోనే అంటాం, శక్ లేదు. కానీ జాలిమ్ మాలిక్ దుకాణం నడిచేది ఈ మూడు మాటల మీదే. ఎన్ని గాలీలిచ్చినా మనిషి పొద్దున్నే మళ్లీ వస్తాడనే భరోసా వాడికి ఇస్తున్నది మనమే.

మన మానవపాడు పేరులోనే మానవుడున్నాడు. ఈ నడిగడ్డలో మనవాళ్లు చేసే పనులేంటో చూడండి. పత్తి సీడ్ చేలల్లో క్రాసింగ్, మిర్చి కోత, 44వ నంబరు హైవే మీద ధాబాలు, మెకానిక్ షెడ్లు, లారీ క్లీనర్ పని, తుంగభద్ర దాటితే కర్నూలు దుకాణాలు. వీటిలో ఎక్కడా హెచ్ఆర్ ఆఫీసు ఉండదు. ఎవరి మీద షికాయత్ చేయాలో, ఆ షికాయత్ వినాల్సిందీ వాడే. పైగా అడ్వాన్స్ ఒకటి. చెల్లి షాదీకో, అమ్మీ దవాఖానాకో తీసుకున్న పైసలు మెడకు పలుపుతాడవుతాయి. బాకీ తీరేదాకా నోరెత్తకూడదు.

“మాలిక్‌కు గుస్సా ఎక్కువ, దిల్ మాత్రం మంచిది” అని వకాలత్ చేసేవాళ్లున్నారు. అదే మాలిక్ తహసీల్దారు ముందు, బ్యాంకు మేనేజర్ ముందు, పెద్ద గిరాకీ ముందు ఎంత అదబ్‌గా మాట్లాడతాడో గమనించండి. ఎదుటివాడి ఔకాత్ చూసి వచ్చేది గుస్సా ఎలా అవుతుంది? అది హిసాబ్. రోజూ ఇజ్జత్ పోగొట్టుకునేవాడు ఎక్కువ గంటలు చేసినందుకు పైసలు అడగడు, సెలవు అడగడు, కోసుకున్న తన్ఖా గురించి అడగడు. గాలీ ఇచ్చేది అందుకే. నోట్లోంచి ఊరికే జారిపడే మాట కాదది.

కానూన్ ఏమంటుంది? 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మన తెలంగాణ కేసులోనే ఒక తీర్పిచ్చింది. సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థలో డైరెక్టర్ తన మీద కేకలేశాడని అసిస్టెంట్ ప్రొఫెసర్ పెట్టిన క్రిమినల్ కేసును కొట్టేసింది. డ్యూటీ విషయంలో పై అధికారి మందలించడం ఐపీసీ 504 కింద నేరం కాదంది. ఇది చూసి మాలిక్‌లు ఖుషీ పడితే గలత్. పనిలో తప్పు చూపించడం వేరు, మనిషి అమ్మనూ జాతినీ మజహబ్‌నూ ఎత్తడం వేరు. 504 స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 352 ఉంది. రెచ్చగొట్టే ఉద్దేశంతో అవమానిస్తే రెండేళ్ల దాకా ఖైదు పడొచ్చు. ఔరత్‌ను అశ్లీలంగా మాట్లాడితే 2013 చట్టం ఉంది. పదిమంది కూడా లేని చోట పనిచేసే ఆడవాళ్లు జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. పక్కన పనిచేసే దళిత భాయిని నలుగురిలో కులం పేరుతో తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అడ్వాన్స్ సాకుతో మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకోవడం 1976 నుంచీ జుర్మ్.

కానూన్ కితాబులో ఉంటే సరిపోదని నాకూ తెలుసు. కేసు పెట్టినవాడికి ఆ బజార్‌లో మళ్లీ పని దొరకదనే ఖౌఫ్ అబద్ధం కాదు. అందుకే రేపే నౌకరీ వదిలెయ్యమని ఎవరికీ చెప్పను. ముందు తారీఖు, టైము, అన్న మాట అన్నట్టుగా, అక్కడున్న గవాహ్‌ల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఫోన్‌లో వచ్చిన తిట్లు డిలీట్ చేయొద్దు. తిట్టుకు తిట్టు ఇవ్వొద్దు, కేసు తిరగబడుతుంది. మాలిక్ చల్లబడ్డాక “పని తప్పయితే చెప్పండి సేఠ్, దిద్దుకుంటా. అమ్మను మాత్రం ఎత్తొద్దు” అని సాఫ్‌గా చెప్పండి. ఒక్కరికంటే నలుగురు కలిసి చెబితే వజన్ ఉంటుంది. అడ్వాన్స్ తగ్గించుకుంటూ ఇంకో పని వెతకండి. దుకాణంలో ఆరు నెలలకు మించి చేసినవాణ్ణి కారణం లేకుండా, నోటీసో నెల తన్ఖానో ఇవ్వకుండా గెంటేస్తే కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు పెట్టండి.

ఇక సబర్ సంగతి. సబర్ అంటే ముసీబత్‌లో నిలబడటం. జులుంకు ఖిద్మత్ చేయడం కాదు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు రసూలుల్లాహ్ (స) ఖిద్మత్‌లో ఉన్నారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోట “ఉఫ్” అనే మాట వినలేదని చెప్పుకున్నారు. ఒక మనిషిని తల్లి పేరుతో కించపరిచినందుకు అబూజర్ (రజి) లాంటి సహాబీకే మందలింపు తప్పలేదు. ఈ రెండు మాటలూ జుమా బయాన్‌లో మనం విన్నవే. బయటికొచ్చి మన బేకరీలో, మన బిర్యానీ హోటల్లో, మన మెకానిక్ షెడ్డులో పద్నాలుగేళ్ల ఛోటూను ఏమని పిలుస్తున్నాం? “ఉస్తాద్ తిడితేనే హునర్ వస్తుంది” అంటాం. ఉస్తాద్ చూపిస్తే హునర్ వస్తుంది. తిడితే పిల్లాడికి వచ్చేది తిట్టడమే. రేపు వాడు దాన్ని తన బీవీ మీద, తన పిల్లల మీద వాడతాడు. బడిలో ఉండాల్సిన పిల్లాణ్ణి షెడ్డులో పెట్టుకున్నదే ఒక గునాహ్, దాని మీద గాలీలా?

కాబట్టి అమ్మీలూ అబ్బాలూ, ఈసారి బిడ్డ మొహం మాడ్చుకుని వస్తే ఆ మూడు మాటలు అనకండి. “ఏమన్నాడు? ఎవరున్నారు అక్కడ?” అని అడగండి. నోటుబుక్కు చేతికివ్వండి. అవసరమైతే ఇంటి పెద్ద వెంట వెళ్లి మాలిక్‌తో మాట్లాడి రండి. మీరే మాలిక్ అయితే, రేపు పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడు ఛోటూను వాడి అసలు పేరుతో పిలవండి. రిజ్ఖ్ ఇచ్చేవాడు పైనున్నాడు. సేఠ్ ఇచ్చేది చేసిన పనికి మజూరీ మాత్రమే. ఆ మజూరీలో మన అమ్మల ఇజ్జత్ లెక్కలేదు.