కాలువ మీది బండ ఏ పద్దులో ఉంది?
మా వీధి చివర మురికికాలువ మీద రెండేళ్లుగా ఒక కడప బండ అడ్డంగా పడి ఉంది. వాన పడితే బడిపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాని మీంచే దాటుతారు. ఆ బండ వేయించింది మునిసిపాలిటీ కాదు, మా ఎదురింటి మామ్మగారు. బడ్జెట్ రాసేటప్పుడు మా వీధిని ఎవరూ అడగలేదు. అడిగితే మొదట చెప్పేది ఆ కాలువ గురించే. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది. కానీ కమిటీ ఉండటం వేరు, దాని మాటకు డబ్బు కేటాయించడం వేరు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రేలో 1989 నుంచి పేటపేటకూ సభలు పెట్టారు. కొత్త పనుల డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో అక్కడి జనమే తేల్చారు, నీళ్లూ మురుగు కాలువలూ లేని పేద వాడలకు ముందు వరస ఇచ్చారు. అంత దూరం ఎందుకు, పుణె నగరపాలక సంస్థ 2006లోనే ఫుట్‌పాత్, వీధిదీపం, బస్టాపు లాంటి పనులు వార్డు పద్దులో చేర్చమని జనం రాసిచ్చే పద్ధతి మొదలుపెట్టింది. మన ఊళ్లలోనూ ముసాయిదా బడ్జెట్‌ను కౌన్సిల్ ఆమోదించక ముందే, వార్డులవారీగా, తెలుగులో, వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. పోయిన ఏడు ఎంత ఇస్తామన్నారు, ఎంత ఖర్చు పెట్టారు అన్న రెండు అంకెలూ పక్కపక్కనే ఉండాలి, మా మామ్మగారు అద్దాలు లేకుండా చదువుకోగలిగేంత పెద్దగా.