పోయినవాళ్ల లెక్క కూడా రాయించండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు గారికి,

రేణిగుంట నుంచి ఒక రిటైర్డ్ రైల్వే గుమాస్తా రాస్తున్న ఉత్తరం.

ఏటా నవంబరు వచ్చిందంటే నేను బతికే ఉన్నానని ప్రభుత్వానికి రుజువు చూపించాలి. లైఫ్ సర్టిఫికెట్ అంటారు. ఇదివరకు బ్యాంకుకు పోయి, వరుసలో నిలబడి, సంతకం పెట్టి వచ్చేవాళ్లం. ఇప్పుడు మా మనవరాలు సెల్‌ఫోన్ నా మొహానికెదురుగా పట్టుకుని ‘తాతా, ఒకసారి కళ్లార్పు’ అంటుంది. అంతటితో ఇంకో ఏడాది పెన్షనుకు ఢోకా లేదు. మంచి ఏర్పాటు. నేను ఉన్నానా లేదా అని ఇంత శ్రద్ధగా కనుక్కుంటున్నారు కదా, లేకుండా పోయినవాళ్లు ఏ వయసులో పోయారో, దేనివల్ల పోయారో కూడా అంతే శ్రద్ధగా కనుక్కోమని అడగడానికే ఈ ఉత్తరం.

మా ఇంట్లో గోడకు ఒక ఫొటో ఉంది. 1986లో మా గ్యాంగు మేస్త్రీ రిటైరైన రోజు తీయించుకున్నది. పదకొండు మందిమి. నేను పట్టాల ఇన్‌స్పెక్టరు (పీడబ్ల్యూఐ) ఆఫీసులో మస్టరు రాసేవాణ్ణి, మిగతా పది మందీ పట్టాల మీద పనిచేసినవాళ్లు. ఆ పది మందిలో ఇవాళ ముగ్గురున్నారు. పోయిన ఏడుగురిలో నలుగురికి అరవై నిండలేదు. ఒకతను ముప్పై ఎనిమిదో ఏట, జోరువానలో, వెనక నుంచి వస్తున్న బండి చప్పుడు వినపడక పోయాడు. ఒకతను తాగి తాగి కామెర్లతో నలభై ఏడుకే పోయాడు. ఒకతనికి యాభై రెండో ఏట రాత్రిపూట గుండెలో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాపించారు, తెల్లవారేసరికి లేడు. నాలుగో అతనికి నాలుగు రోజులు జ్వరం కాసింది. అయిదో రోజు శవాన్ని ఇంటికి తెచ్చారు. ఏ జ్వరమో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. వాళ్ల పిల్లలకు కారుణ్య నియామకాల కోసం పెట్టిన ఫైళ్లన్నీ నా చేతి మీదుగానే పోయాయి. ప్రతి ఫైల్లోనూ చావు సర్టిఫికెట్ ఉంటుంది. పేరుంటుంది, తేదీ ఉంటుంది. ఎందుకు పోయాడో ఉండదు.

నేను పుట్టింది 1956లో. అప్పటి దశాబ్దంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 41 ఏళ్లు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి 32. 1918 ఇన్‌ఫ్లుయెంజా విరుచుకుపడిన ఆ పదేళ్లలోనైతే దాదాపు 20కి పడిపోయింది. అంటే అందరూ ఇరవైకే పోయారని కాదు. పసిబిడ్డలు రాలిపోవడం వల్ల సగటు అంతగా కుంగింది. మా అమ్మ ఏడుగురిని కన్నది, నలుగురం మిగిలాం. అప్పట్లో అది వింత కాదు. మశూచి పోయింది, టీకాలొచ్చాయి, కాన్పులు ఆస్పత్రుల్లో అవుతున్నాయి. కేంద్రం వేసిన లెక్క ప్రకారం 1970–75లో 49.7గా ఉన్న ఆయుర్దాయం 2016–20 నాటికి 70కి చేరింది. మగవాళ్లకు 68.6, ఆడవాళ్లకు 71.4. మన రాష్ట్రం కూడా ఆ డెబ్బై దరిదాపుల్లోనే ఉంది. ఒక్క మనిషి జీవితకాలంలో ఇంత మార్పు రావడం మామూలు సంగతి కాదు. ఇందులో ప్రభుత్వాల కష్టం ఉంది, నర్సమ్మల కష్టం ఉంది, అది మరిచిపోయి మాట్లాడడం తప్పు.

కానీ సార్, ఆ డెబ్బై ఎవరిది? అదే లెక్కలో కేరళది 75, ఢిల్లీది అంతకంటే ఎక్కువ, ఛత్తీస్‌గఢ్‌ది 65 దగ్గర. 2020లో కేరళలో పుట్టిన వెయ్యి మంది బిడ్డల్లో ఏడాది లోపు పోయినవాళ్లు ఆరుగురు, మన దగ్గర 24 మంది. రాష్ట్రానికీ రాష్ట్రానికీ ఇంత తేడా ఉంటే, ఒకే మండలంలో వీధికీ వీధికీ ఎంత ఉంటుందో! ఉత్తర, తూర్పు భారతంలోని తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీసి 2022లో పరిశోధకులు ఒక వ్యాసం వేశారు. అగ్రకులాల వారికంటే దళితులు మూడేళ్లకు పైగా, ఆదివాసులు నాలుగేళ్లకు పైగా తక్కువ బతుకుతున్నారని అందులో తేలింది. మనది ఆ తొమ్మిదింటిలో లేదు కాబట్టి నేను కళ్లతో చూసిందే చెబుతాను.

నేను పొద్దున నడిచే దారిలో ఒక యానాది గిరిజనుల కాలనీ ఉంది. తల నెరిసినవాళ్లను అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకరోజు ఒకామె ఆధార్ కార్డు నా చేతిలో పెట్టి, ‘అయ్యా, ఇందులో నా వయసు ఎంత వేశారో చూడు’ అన్నది. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. ఆమె మొగుడిదీ జనవరి 1. పక్కింటామెదీ జనవరి 1. పుట్టిన రోజు తెలియని వాళ్లందరికీ ఎవరో ఒక అంచనా కట్టి అదే తేదీ వేసేశారు. ఆమె చెప్పిన గుర్తులను బట్టి చూస్తే అరవై దాటి ఉండాలి. కార్డు యాభై మూడంటోంది. ఆమె రేపు కన్నుమూస్తే లెక్కలో యాభైల్లో పోయిన మనిషి అవుతుంది. పుట్టుకే సరిగా రాయని చోట చావు సరిగా ఎలా రాస్తారు?

రాయడానికి మాత్రం చక్కటి ఫారం ఉంది. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969 నాటిది. చనిపోయిన 21 రోజుల్లోగా చెప్పాలి. చెప్పడానికి నింపే రెండో నంబరు ఫారంలో వయసు, వృత్తి, జబ్బు మాత్రమే కాదు, పొగ తాగే అలవాటు ఎన్నేళ్లు, పొగాకు నమిలే అలవాటు ఎన్నేళ్లు, మద్యం ఎన్నేళ్లు అని కూడా గళ్లుంటాయి. మా అన్నయ్య పోయినప్పుడు నేనే వెళ్లి రాయించాను. ఎక్కడని చెప్పను, ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. వయసు దాకా అడిగి రాశాడు, కారణం గడిలో నన్ను అడక్కుండానే ‘వృద్ధాప్యం’ అని వేశాడు, మిగతా గళ్లన్నిటికీ అడ్డంగా ఒక గీత గీశాడు. మా అన్నయ్య నలభై ఏళ్లు బీడీ తాగాడు. చివరి రెండేళ్లు ఊపిరాడక కూర్చునే నిద్రపోయాడు. అదంతా ఆ గీత కిందకే పోయింది. 2020లో దేశం మొత్తంమీద నమోదైన చావుల్లో డాక్టరు కారణం రాసి సంతకం పెట్టినవి నాలుగో వంతు కూడా లేవు.

ఇప్పుడు ఆయుర్దాయం లెక్క ఎలా వస్తున్నదో మీకు తెలియనిది కాదు. దేశమంతా కొన్ని ఊళ్లు, వార్డులు ఎంచుకుని, అక్కడి పుట్టుకలు, చావులు ఒకరు ఎప్పటికప్పుడు రాసుకుంటారు, ఆరు నెలలకొకసారి ఇంకొకరు వచ్చి విడిగా అడిగి సరిచూస్తారు. రాష్ట్రం సగటు చెప్పడానికి అది చాలు. తిరుపతి జిల్లా సంగతి చెప్పడానికి చాలదు, రేణిగుంట మండలం మాట ఇక అడగనే అక్కర్లేదు.

సరిగా నమోదైతే ఏం తెలుస్తుందో కరోనా చూపించింది. 2020లో దేశంలో నమోదైన చావులు 81 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. కరోనా ఖాతాలో రాసినా రాయకపోయినా ఆ పెరుగుదల దాగలేదు. కాకపోతే ఆ 2021 లెక్క బయటికొచ్చేసరికి 2025 అయింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతీ మీకు నేను చెప్పాలా! కవిటి, సోంపేట, కంచిలి ఊళ్లలో కిడ్నీలు పాడై జనం పోతున్నారని వాళ్ల ఇళ్లలో ఏళ్ల తరబడి తెలుసు. కాగితం మీదకు రావడానికే చాలా కాలం పట్టింది. పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023లో మొదలైంది. అసలు కారణం ఇంకా తేలలేదు. ఊరూరా చావుకు కారణం మొదటి నుంచీ రాసి ఉంటే వెతుకులాట ఎంత ముందు మొదలయ్యేదో!

పిల్లల్ని ఎక్కువగా కనమని మీరు చెబుతున్నారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన కూడా తీసేశారు. సగటున ఒక స్త్రీకి ఇద్దరు పిల్లలు కూడా లేని రాష్ట్రంలో మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ నలభై ఏడుకు, యాభై రెండుకు పోయినవాళ్లు కూడా ఈ రాష్ట్రం జనాభాయే కదా. మన దేశంలో అరవై దాటిన మనిషి సగటున ఇంకో 18 ఏళ్లు బతుకుతున్నాడు. అరవై దాటించడమే కష్టంగా ఉంది. మా వీధిలో ఒకటో తేదీ పొద్దున సచివాలయం అమ్మాయి పెన్షన్లు తెస్తే గడప దాకా వచ్చి నాలుగు వేలు అందుకునేది ఎక్కువగా మొగుడు పోయిన ఒంటరి ఆడవాళ్లే.

కొత్త యంత్రాంగం పెట్టమని నేను అడగడం లేదు. 15 వేల గ్రామ, వార్డు సచివాలయాలున్నాయి. పెన్షనుదారు కన్నుమూస్తే ఆ సంగతి నెల తిరక్కుండా మీకు తెలుస్తుంది. భర్త పోతే ఆ పెన్షను భార్యకు మార్చే పద్ధతి కూడా మీరే పెట్టారు. కుప్పంలో ప్రజల ఆరోగ్య వివరాలన్నీ ఒకచోట చేర్చే డిజిటల్ నర్వ్ సెంటర్ తెరిచారు. దానికి చావుల పుస్తకాన్ని కూడా కలపండి. ఇంట్లో ఎవరైనా పోతే, పెద్దకర్మ అయ్యాక ఏఎన్ఎం వెళ్లి, ఎన్నాళ్ల నుంచి బాగాలేదు, ఏ నొప్పి, ఏ మందులు వాడారు అని అడిగి రాసుకుంటే, డాక్టరు చదివి కారణం తేల్చవచ్చు. మన దేశంలో లక్షల చావుల మీద ఈ పద్ధతిలో అధ్యయనం జరిగింది కూడా. పేర్లు తీసేసి, మండలాలవారీగా, కులంవారీగా, ఏ వయసులో ఎంతమంది, దేనివల్ల పోతున్నారో ఏటా ఒకసారి సచివాలయం గోడకు అతికించండి. మొదట మన తిరుపతి జిల్లాలోనే చేసి చూడండి. ఆధార్‌లో జనవరి 1 ఉన్నవాళ్ల వయసు సరిచేయడానికి కాలనీల్లోనే ఒక రోజు క్యాంపు పెట్టించండి.

నా వంతుగా ఫొటోలోని ఏడుగురి వివరాలూ ఒక కాగితం మీద రాశాను. పుట్టిన ఏడు, పోయిన ఏడు, చేసిన పని, కారణం. నలుగురికి కారణం రాయగలిగాను. ముగ్గురి గళ్లు ఖాళీగా ఉన్నాయి, వాళ్ల ఇళ్లకు పోయి అడిగినా తేలలేదు. సంక్రాంతికి మీరు నారావారిపల్లెకు వస్తూ రేణిగుంట ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు రెండు నిమిషాలు ఇప్పిస్తే ఆ కాగితం మీ చేతికే ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
రేణిగుంట