నిద్ర వేరు, నిరీక్షణ వేరు

తెలుగు కీబోర్డులు, నిఘంటువులు, పద్యాల యాప్‌లు తయారుచేస్తున్న యువమిత్రులలో ఒక దురాచారం పాతుకుపోయింది. దానిని ఖండించడానికే ఈ టపా. తెలుగు పంతులుకు ఈ గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. మాటకూ అర్థానికీ పొందిక చెడిన ప్రతిచోటా పంతులుకు పని ఉంటుందని నా సమాధానం.

ముందుగా విషయం. యాప్‌లో ఎవరైనా ఒక మార్పు చేయగానే ఎక్కడో ఉన్న సర్వరులో ఎమ్యులేటర్ అనే కృత్రిమ ఫోను ప్రాణం పోసుకుంటుంది. యాప్‌ను అందులో స్థాపించి, పరీక్షలన్నీ మనిషి ప్రమేయం లేకుండా జరిపిస్తారు. నెగ్గితే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు. ఈ వరుసకే పైప్‌లైన్ అని పేరు. చిక్కంతా ఆ ఫోను మేల్కొనే వేళలో ఉంది. సర్వరు మీది భారాన్ని బట్టి, కేవీఎం వంటి హార్డ్‌వేర్ తోడ్పాటు ఉండడం లేకపోవడాన్ని బట్టి, ఒకనాడు అరనిమిషంలో లేస్తుంది. మరొకనాడు అయిదు నిమిషాలకు గాని లేవదు.

దీనికి మనవారు కనిపెట్టిన మందు, స్క్రిప్టులో 'స్లీప్ 120' అనే ఒక పంక్తి. అనగా రెండు నిమిషాలు కన్నుమూసి, తెరిచేసరికి ఫోను లేచి ఉంటుందని నమ్మడం! అరనిమిషంలో లేచిన నాడు 90 సెకన్లు వృథా. రోజుకు 40 పర్యాయాలు నడిచే పైప్‌లైన్‌లో అది అక్షరాలా ఒక గంట. మూడు నిమిషాలు పట్టిన నాడు ఏ పాపమూ ఎరుగని యాప్‌కు ఎరుపు. దీనిని ఓర్పు అంటున్నారు. ఓర్పు కాదు, సోదె.

కాస్త తెలిసినవారు ఏడీబీలోని 'వెయిట్-ఫర్-డివైస్' అనే ఆదేశాన్ని వాడుతున్నారు. పేరు చూస్తే పరికరం కొరకు వేచి ఉంటుందనే తోస్తుంది. అది వేచి ఉండేది సంబంధం ఏర్పడేవరకే. పిల్లవాడు బడి గేటు దాటగానే ప్రశ్నపత్రం చేతికిచ్చినట్లు, ఆ వెంటనే యాప్‌ను స్థాపించబోతారు. స్థాపించవలసిన ప్యాకేజ్ మేనేజరు అప్పటికి లేచి ఉండదు. ఈ తొందర కూడదని ఆ ఆదేశం తాలూకు పత్రంలోనే వ్రాసి ఉంది. చదివేదెవరు?

"2017లో క్విక్ బూట్ వచ్చింది, 2024లో గిట్‌హబ్ తన సాధారణ లినక్స్ యంత్రాలలోనూ హార్డ్‌వేర్ తోడ్పాటునిచ్చింది, ఇంకా ఈ చాదస్తమెందుకు?" అనేవారున్నారు. క్విక్ బూట్‌కు ముందుగా దాచిన స్థితి కావాలి. ప్రతిసారీ కొత్తగా పుట్టే యంత్రంలో మనం తెచ్చి పెడితే తప్ప అది ఉండదు. వేగం నిరీక్షణను తగ్గిస్తుందే గాని ఊహను నిశ్చయంగా మార్చదు.

అన్నిటికంటె పెద్ద అపరాధం మరొకటి ఉంది. ఎరుపు రాగానే కారణం చూడక, ఆకుపచ్చ వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ నడిపించడం. నెగ్గేవరకు పెట్టిన పరీక్ష పరీక్షే కాదు. కొన్నాళ్ళకు ఎరుపును ఎవరూ లెక్కచేయరు. ఆపైన "ఎమ్యులేటర్ పరీక్షలు నమ్మదగినవి కావు" అని తీసివేస్తారు. నష్టం మనకు అక్కడ మొదలవుతుంది.

2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఐఫోన్లను కూల్చిన ఉదంతం పాత బ్లాగరులు మరచి ఉండరు. జ్ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరితే చాలు, ఆ కూర్పును చూపబోయిన యాప్ కుప్పకూలేది. ఆ నెలలోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ద్వారా సరిదిద్దింది. అది నిరీక్షణలోపం వలన వచ్చిందని నేననను. అక్షరాన్ని ఫోను తెరమీద గీయించి చూస్తే తప్ప ఇటువంటి దోషాలు పట్టుబడవని మాత్రం అంటాను. ఆ పరీక్షలే ఎత్తివేస్తే మన ఒత్తులకూ గుణింతాలకూ దిక్కెవరు?

చేయవలసినది కష్టమేమీ కాదు. ఆండ్రాయిడ్‌లో 'సిస్.బూట్_కంప్లీటెడ్' విలువ 1 అయిందా అని రెండేసి సెకన్లకు ఒకసారి అడగండి. ఐఫోను సిమ్యులేటరుకైతే 'సిమ్‌సీటీఎల్ బూట్‌స్టేటస్' ఉండనే ఉంది. అడగడానికి ఒక గడువు పెట్టండి. గడువు దాటితే "పరీక్ష తప్పింది" అని వ్రాయకండి. "ఫోను లేవలేదు" అని వ్రాయండి. రాని విద్యార్థికి గైర్హాజరు వేస్తాం గాని సున్నా మార్కులు వేయం కదా!

స్లీప్ అంటే నిద్ర. వేచి ఉండడమంటే మేలుకొని ఉండడం. ఈ భేదం తెలియని స్క్రిప్టును తెలుగు యాప్‌ల దరిదాపులకు రానీయకండి. కాదనేవారు వ్యాఖ్యలలో వాదించవచ్చు. తమ స్క్రిప్టును ఒకసారి తెరిచి చూసుకొని మరీ రండి.